రాతిపాలకు తోడు

తాడిపత్రిలో బండలు కోసిన నీళ్లు
పాల మాదిరి పారతాయి.
"మా, రాయికి పాలొస్తాయా?"
అని కాలువ పక్కన నిలబడి అడిగిన పిల్లను నేనే.
వీపు మీద ఒకటి పడింది.

ఆ పాలు విరగవు. అదే వాటి రోగం.
గుంతలో రాత్రంతా నిలబెట్టినా
తెల్లారేసరికి తెల్లగానే ఉంటాయి.
పిండికన్నా సన్నం ఆ రేణువులు,
అన్నీ ఒకే తీరు విద్యుత్తు మోసుకొని
దాయాదుల్లాగా ఒకదాన్నొకటి దగ్గరికి రానీవు.
దిగాలంటే కలవాల.
కలవాలంటే నడుమ ఎవరన్నా దారం వెయ్యాల.

ఓనరు పటిక వేస్తాడు,
ఆఫీసరు వచ్చే రోజు మాత్రం.

నేను దారం కోసం వెతికినా.
యాడ? ఫ్యాక్టరీ మోరీలో,
బుడ్డల నూనె మిల్లు వెనక మడ్డిలో,
మా కుడితి తొట్టి అడుగు పాకుడులో.
గరిటెడు గరిటెడు అనంతపురం మోసుకుపోయి
ల్యాబులో గాజు పళ్లేల మీద గీతలు గీసి
మూడు జీవుల్ని విడదీసినా.
ఒకటి పసుప్పచ్చ, ఒకటి చీమిడి రంగు,
ఒకటి ఉత్త బూడిద.

"ఏది మంచిదో తేల్చు, తక్కినవి పారెయ్"
అన్నాడు గైడు సారు.
నాలుగు నెలలు తేల్చినా. ఏదీ తేలలేదు.
ఐదో నెల విసుగొచ్చి
జొన్నగంజిలో ఇంత బెల్లం కలిపి
మూడింటినీ ఒకే సీసాలో వదిలినా.

ఒకటి గంజిని తునకలు చేసింది.
ఒకటి ఆ తీపి తిని జిగురు వడికింది.
బూడిదది ఏం చేసిందో ఇప్పటికీ సరిగ్గా తెలీదు;
అది లేకుంటే మాత్రం మూడో నాటికి
సీసా పులిసి జిగురు తెగిపోతాది.
మా మేనత్త ఓబుళమ్మ ఇట్లాంటిదే.
పెండ్లిలో ఆమె ఏం పని చేసిందో ఎవరూ చెప్పలేరు.
ఆమె రాని పెండ్లిలో పప్పు మాడింది.

గ్లాసెడు రాతిపాలలో నాలుగు చుక్కలు.
తిప్పి, వదిలిపెట్టినా.
సగ్గుబియ్యమంత గడ్డలు
ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకొని
తొందర లేకుండా అడుక్కు దిగినాయి.
నీళ్లు తేరుకున్నాయి.
గ్లాసు వెనక గోడ మీద క్యాలెండర్లో
అమావాస్య నల్లచుక్క కనపడింది.

పాలిషు మిషను మీద ఇరవై రెండేండ్లు నిలబడిన కుళ్లాయప్ప
ఆ గ్లాసునెత్తి ఎండకు పట్టి చూసి,
రొమ్ము మీద చెయ్యి పెట్టుకొని అడిగినాడు:
"మరి, ఈడ పేరుకున్నదానికి?"
నా చేతిలో సీసా ఉంది. జవాబు లేదు.
ఆయన దగ్గు నిలిచేదాకా
అందరం కిందికి చూసినాం.

ఫారంలో ఒక గడి: సూక్ష్మజీవి పేరు.
ఒక్క పేరు పట్టేంత గీత.
ఖాళీగా పంపినా. తిరిగొచ్చింది.

మే నెల. ల్యాబులో కరెంటు రెండు రోజులు లేదు.
సీసాలన్నీ కుళ్లినాయి.
గాజు పళ్లేల మీద విడివిడిగా దాచినవి
ఎండి పొట్టులాగా లేచినాయి.

అప్పుడు గుర్తొచ్చింది, దస్తగిరమ్మ.
కోత రంపం కాడ నీళ్లు పట్టే ఆమె,
గుడ్డలుతికే నీళ్లు తేర్చుకుంటానని
దగ్గుమందు సీసాలో కొంచెం పట్టుకపోయింది, ఉగాదికి ముందు.
పొద్దు గూకినాక పోయినా.
"బతికుండాదా?"
"దానికేమొచ్చె! దినామూ ఇంత గంజి పోస్తాండా."
మూత తీస్తే అదే వాసన:
తడిసిన బెల్లం, ఆ వెనక కొంచెం చేప.

"దీపాలు పెట్టినాక తోడు ఇయ్యగూడదంటాది మా అత్త"
అంటా ఒక గడియ ఆగి,
లోపలికి ఒకసారి చూసి,
నా గిన్నెలోకి వంచింది.

గిన్నె మీద చున్నీ కప్పుకొని
కాలువ గట్టున నడిచినా.
పక్కన రాతిపాలు, చీకట్లో కూడా తెల్లగా.
ఫారంలో ఏ పేరు రాయాలో ఇంకా తోచలేదు.
ముందు ఇంటికి పోయి
గంజి కాచాల.